కుండ అడుగున ఒండ్రు

నా చిన్నప్పుడు పెన్నలో నీళ్లు తేరుకున్నాయో లేదో తెలుసుకోవడానికి మా ఊళ్లో ఒకటే కొలత ఉండేది. ఏట్లో మోకాటి లోతున నిలబడి తల వంచి చూసుకోవాలి. కాలిగోళ్లు కనపడితే నీళ్లు తేరుకున్నట్టు, వల భుజాన వేసుకుని ముందుకు పోవచ్చు. కనపడకపోతే బుద్ధిగా వెనక్కి తిరిగి గట్టెక్కాలి. ఇప్పుడు మా ఇంట్లో వాన సంగతీ వరద సంగతీ అన్నీ ఫోన్లోనే చూస్తారు. వాళ్లకు ఈ గోళ్ల కొలత చెబితే నవ్వుతారు. నవ్వనీ. ఆ కొలత తప్పిన మనిషిని ఒకరిని నేనెరుగుదును. ఆయన మా చిన్నాయన, మా నాయనకు తమ్ముడు.

మా ఊరు పెన్న సముద్రంలో కలిసే చోటుకు కాస్త ఎగువన, దక్షిణపు గట్టున ఉండేది. సముద్రపు పోటు మా దాకా ఎక్కేది కాదు కాబట్టి మా నీళ్లు తియ్యటి నీళ్లే. ఊరంతా తాగేది ఆ ఏటి నీళ్లే. మాది వరి కయ్యలు సాగు చేసుకునే ఇల్లు. చేపలు పట్టడం మా వృత్తి కాదు. కానీ ఏటి పక్కన కాపురం ఉంటూ ఇంట్లో ఒక విసురువల లేకపోతే మగవాళ్లకు నామోషీగా ఉండేది. వినాయకచవితి దాటిందంటే ఇక వాళ్లకు కాలు ఇంట్లో నిలవదు. మా నెత్తిన ఎండ మాడుస్తూనే ఉండేది. ఎక్కడో కడప అవతల కురిసిన వాన మాత్రం ఎర్రటి నీళ్లుగా మా రేవు దాకా దిగివచ్చేది. చుక్క వాన పడకుండా ఏరు నిండటం చూస్తే నాకు వింతగా ఉండేది, కొంచెం భయంగా కూడా ఉండేది.

ఆ ఎర్రనీళ్లలో చేపలకు కళ్లు కనపడవనీ, ఊపిరాడక గట్టు వారకు వస్తాయనీ పెద్దవాళ్లు అనేవాళ్లు. బొచ్చెలు, జెల్లలు, ఒక్కోసారి చెయ్యంత పొడుగు వాలుగలు అంత దగ్గరకు వచ్చి నీళ్లు కదిలిస్తుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. వరద ఇసకను ఎక్కడ తవ్వుకుపోయిందో పైనుంచి చూస్తే తెలియదు. నిన్న మోకాటి లోతున్న చోట ఇవాళ మనిషి మునిగే గుంట ఉంటుంది. అందుకే నీళ్లు తేరుకునే దాకా ఆగమనేవాళ్లు. తేరిన తర్వాత చేపలు కాస్త తక్కువే పడతాయి గానీ మనిషి మాత్రం ఇంటికి వస్తాడు.

ఆ కొలత నాకు నేర్పింది కూడా చిన్నాయనే. నన్ను ఒక చేత్తో, వలను ఒక చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగి, "గోళ్లు కనపడినాయా పాపా?" అని అడిగేవాడు. నేను లేదంటే, "అయితే మనకీ పొద్దు కూడా పప్పే" అని మూతి ముడుచుకుని నన్ను నవ్వించి వెనక్కి తీసుకొచ్చేవాడు. నాది అచ్చం ఆయన పోలిక. అదే వెడల్పాటి నుదురు, అవే దగ్గర దగ్గర కనుబొమలు. ఆడపిల్లకు మగవాడి నుదురు వచ్చిందని అమ్మ బాధపడేది. నాకు మాత్రం ఆ మాట వింటే గర్వంగా ఉండేది.

ఆయనకు పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా పిన్నమ్మది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. వాళ్లకు తాగేది కుంట నీళ్లు. ఇంత పెద్ద ఏరు ఆమె అంతకు ముందు చూడలేదు. బిందె ముంచుకోవడానికి రేవులోకి దిగాలన్నా తోటి ఆడవాళ్ల కొంగు పట్టుకునేది. చిన్నాయన ఊరుకుంటాడా, "మా ఏరు నిన్నేమన్నా కొరికిందా?" అని వెంటపడి ఏడిపించేవాడు. ఆమె కాపురానికి వస్తూ ఒక గుడ్డసంచి నిండా చిల్లగింజలు తెచ్చుకుంది. చొక్కా గుండీల్లాంటి గట్టి గింజలు అవి. కుండ లోపలి వైపు తడి చేసి, గింజను కాసేపు అరగదీసి, ఆ తర్వాత బురద నీళ్లు పోసి కదపకుండా ఉంచితే తెల్లారేసరికి మట్టంతా అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. మా ఊళ్లో అందరూ పటిక తిప్పేవాళ్లు. పిన్నమ్మ గింజ అరగదీస్తుంటే మా జేజి, అంటే మా నాయనమ్మ, మొదట్లో నవ్వింది. రుచి చూశాక నవ్వడం మానేసి ఇంటి కుండలన్నీ ఆమెకే అప్పగించింది.

ఆ ఏడు భాద్రపదం చివర ఒక మధ్యాహ్నం చిన్నాయన వల తీసుకుని ఒక్కడే వెళ్లాడు. నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గట్టున నిలబడి ఏటి వైపు చూస్తూ ఉండటం చూశామని కయ్యల్లోంచి వస్తున్నవాళ్లు చెప్పారు. దిగడం ఎవరూ చూడలేదు. ఎందుకు దిగాడో, నాకు అన్నిసార్లు చెప్పిన మాట ఆయన ఎందుకు మరిచాడో ఇప్పటికీ నాకు తెలియదు. పొద్దు గుంకే వేళకు దిగువన జమ్ముకు చుట్టుకుని వల దొరికింది. మనిషి దొరకలేదు. నాయనా, ఊళ్లో మగవాళ్లూ సముద్రం మొగ దాకా పడవ మీద వెళ్లి వెతికారు. వాళ్లు తిరిగి వచ్చిన రోజు ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు.

తాత చేయవలసిన కర్మ చేయించాడు. పిన్నమ్మ గాజులు తీసేశారు. జేజి మాత్రం ఆ రోజు నుంచి గది దాటి బయటికి రాలేదు. బిడ్డ కళ్లపడకుండా కర్మ ఏమిటని ఆమె పట్టు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు గది ముందు కూర్చుని, "ఇంక యాడ వెతుకుతావమ్మా, ఏట్లో కలిసిపోయినాడు" అని ఓదార్చేవాళ్లు. అది ఓదార్పుకు అనే మాటేనని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నాకు కలిసిపోవడం అంటే ఒకటే అర్థం. శ్రీరామనవమికి పానకం కోసం బిందెలో బెల్లం వేసి కలిపితే కాసేపటికి బెల్లం కనపడదు. కానీ నీళ్లలోనే ఉంటుంది, ప్రతి గుక్కలోనూ ఉంటుంది. మా చిన్నాయన అలా అయిపోయాడనుకున్నాను. ఆ ఏడు మాత్రం కుండలోకి చూడకుండా, కళ్లు మూసుకుని ఎలాగో తాగేదాన్ని.

దొరికిన వలను జేజి గదిలో చేరకముందే నడవలో కొయ్యకు తగిలించింది. దాన్ని ఎవరూ తాకకూడదు. ముసురు పట్టిన రోజుల్లో దాని నుంచి ఏటి వాసన వచ్చేది. సందెవేళ గాలి లేకపోయినా దాని అంచున ఉన్న సీసపు గుండ్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యేది. నాకే కాదు, అమ్మకూ వినపడేది. అమ్మ దీపం పట్టుకుని ఆ నడవలోంచి వేగంగా నడిచి వచ్చేసేది. మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. ఆ ఏటి చేప మా గడప తొక్కడం మానేసింది.

నెల గడిచాక పిన్నమ్మ నాయన బండి కట్టుకుని వచ్చాడు, కూతుర్ని తీసుకుపోదామని. అందరూ పంపడానికి సిద్ధంగానే ఉన్నారు. ఆమె కదల్లేదు. "ఇప్పుడు రాను నాయినా. నాకింకా ఈడ పని ఉండాది" అంది. ఏం పని అని అడిగితే చెప్పలేదు. ఆయన కళ్లు తుడుచుకుంటూ ఖాళీ బండి తోలుకుపోయాడు. ఆ తర్వాత ఊళ్లో రకరకాలుగా అనుకున్నారు. తెల్లవారుజామున పెరట్లో ఒంటరిగా గొణుక్కుంటూ ఉంటుందనీ, గాలి సోకిందనీ అన్నారు. నేనూ ఒకసారి చూశాను. కుండ వంచి గోడ వారన ఏదో పోస్తూ పెదవులు కదుపుతోంది. నేను వచ్చిన చప్పుడుకు వెనక్కి తిరిగి చూసి నవ్వింది. ఆ నవ్వుకు నేను భయపడి లోపలికి పరుగెత్తాను.

ఎండాకాలం వచ్చింది. ఏరు ఎండి ఇసక మేట మిగిలింది. ఇసకలో చెలమలు తవ్వి అద్దంలాంటి నీళ్లు తోడుకునేవాళ్లం. ఆ నీళ్లు ఇసకలోంచి ఊరినవి కాబట్టి నాకు వాటితో పేచీ లేదు, హాయిగా తాగాను. పిన్నమ్మ మాత్రం ఆ తేట నీళ్లను చూసి నిట్టూర్చేది. తాత భోజనానికి కూర్చున్నప్పుడు తలుపు చాటు నుంచి, "ఏరు మళ్లా ఎప్పుడు ఎర్రబడతాది మామా?" అని అడిగేది. మొగుణ్ని మింగిన ఎర్రనీళ్ల కోసం ఎదురుచూసే ఆడదాన్ని ఎవరైనా ఏమనుకుంటారు? తాత కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. నీళ్లు రాగానే ఆమె కూడా దిగిపోతుందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. "పిల్లను దాని దగ్గరికి పోనీబాకండి" అని అమ్మ అందరికీ చెప్పి పెట్టింది.

మళ్లీ చవితి దాటింది. ఒక ఉదయం రేవు నుంచి వచ్చిన కుండలు ఎర్రగా ఉన్నాయి. చెలమలన్నీ వరదలో మునిగిపోయాయి. తేరే దాకా ఆగలేక నేను గ్లాసు ముంచుకోవడానికి కుండ మీదకు వంగాను. ఎర్రటి నీళ్లలోంచి వెడల్పాటి నుదురు, దగ్గర దగ్గర కనుబొమలు నా వైపు చూశాయి. చిన్నాయన!

ఆ రోజు నుంచి నేను నీళ్లు తాగడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే జేజి ఏమైపోతుందో అని భయం. మొదట ఎవరూ గమనించలేదు. ఆవు దగ్గర పితికిన పాలు అక్కడే తాగేదాన్ని. దోసకాయలు నమిలేదాన్ని. తాటిపండు చీకేదాన్ని. అన్నం కూడా నీళ్లతోనే వండుతారని గుర్తొచ్చాక అన్నం కూడా మానేశాను. పెదవులు పగిలాయి, నాలుక అట్టకట్టింది. ఒళ్లు కాలడం మొదలుపెట్టింది. అమ్మ బుజ్జగించింది, తాత కసిరాడు. చుట్టుపక్కల వాళ్లు వచ్చి ఇది కూడా గాలేనన్నారు. తాయెత్తు కట్టారు. కట్టినాయన మంత్రించిన నీళ్లు ఇస్తే ఆయన పంచె మీదే ఉమ్మేశాను.

చివరకు ఒక పగలు నేను లేచి నిలబడలేక నడవలో పడిపోయాను. నాయన ఇంట్లో లేడు. అమ్మ నన్ను ఒళ్లో గట్టిగా బిగించి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో నీళ్లు నోట్లో పోయబోయింది. "మింగు, మింగవే తల్లీ, చచ్చిపోతావే" అని ఏడుస్తోంది. నాకు ఎక్కడి నుంచి బలం వచ్చిందో తెలియదు. గిన్నె విసిరికొట్టి అరిచాను.

"నేను తాగను. చిన్నాయనను తాగమంటారా?"

 గదిలోంచి జేజి మూలుగు వినపడింది. తాత కండువా నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు. అమ్మ చేతులు వదులయ్యాయి. అప్పుడు పిన్నమ్మ వంటింట్లోంచి వచ్చింది. చిత్రం ఏమిటంటే, అంతమందిలో ఆమె ఒక్కతే నా మాటకు ఆశ్చర్యపోలేదు. ఒక ఖాళీ కుండ చంకన పెట్టుకుని, రెండో చేత్తో నన్ను లేపి భుజాన వేసుకుంది.

"యాడికి తీసకపోతాండావు?" అని అమ్మ అడ్డం వచ్చింది.

"ఏటికి" అంది పిన్నమ్మ.

అమ్మ పెట్టిన కేక నాకిప్పటికీ చెవుల్లో ఉంది. నన్ను లాక్కోబోతే తాత వాకిట్లోంచే, "పోనీమ్మా, నేను వెనకనే పోతాండా" అన్నాడు. ఆయనకు ఆ నమ్మకం ఎలా కలిగిందో తెలియదు. నాకు మాత్రం ఏ నమ్మకమూ లేదు. పిన్నమ్మ నన్ను చిన్నాయన దగ్గరికే తీసుకుపోతోందని అనుకున్నాను. అరవడానికి గొంతులో తడి కూడా లేదు. ఆమె మెడ వెనక చెమట వాసన, దూరంగా ఏటి హోరు, వెనక తాత చెప్పుల చప్పుడు. అంతే గుర్తు.

కొంగు పట్టుకుని గాని రేవు దిగని మనిషి ఆ రోజు ఎవరి ఊతం లేకుండా దిగింది. నన్ను కిందకు దించి చెయ్యి పట్టుకుంది. ఎర్రటి నీళ్లు మా చీలమండలు దాటి పైకి వచ్చాయి. ఇంకో అడుగు వేసింది. ఇంకో అడుగు. నీళ్లు నా మోకాళ్లకు తగిలాయి. ఆమె ఆగి, తల వంచి చూసుకుంది.

"గోళ్లు కనపడతాండాయా పాపా?"

చిన్నాయన అడిగే మాటే అది. లేదని తల ఊపాను.

"నాకూ కనపడలేదు. అయితే ఇంక ముందుకు పోగూడదు. ఈడనే ముంచుకుందాం" అంది. కుండ నింపుకుని, నా చెయ్యి వదలకుండా వెనక్కి తిరిగింది. గట్టున తాత కూలబడి కూర్చుని ఉన్నాడు. ఆయన ఏడుస్తున్నాడని దగ్గరకు వచ్చాక తెలిసింది. చేపల కోసం కనిపెట్టిన ఆ కొలతతోనే పిన్నమ్మ తననూ నన్నూ ఆ రోజు గట్టెక్కించింది.

ఇంటికి వచ్చాక ఆమె నా కళ్లముందే కొత్త కుండ తీసుకుని లోపల తడిపి, చిల్లగింజతో గుండ్రంగా అరగదీసింది. తెచ్చిన నీళ్లు వడగట్టి అందులో పోసింది. నాకు కొబ్బరిబోండాం కొట్టించి తాగించి, కుండ పక్కనే చాప పరిచి పడుకోబెట్టింది. నేను మూత తీసి చూడబోతే చెయ్యి పట్టుకుంది. "కదిలించబాక. ఊరికే ఉండు. కదిలిస్తే మళ్లా మొదటికొస్తాది" అంది. అప్పటి నుంచి ఆ కుండకు కాపలా మేమిద్దరమే. అమ్మ దూరం నుంచి చూస్తూ ఉండిపోయింది. నేను ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

తెల్లారాక పిన్నమ్మ నన్ను లేపి మూత తీసింది. నీళ్లు చెలమ నీళ్లలా ఉన్నాయి. వంగి చూశాను. మళ్లీ అదే నుదురు, అవే కనుబొమలు. కానీ ఈసారి పగిలిన పెదవులు కూడా కనపడ్డాయి, చింపిరి జడా కనపడింది. అది నేనే. నా మొహం నేను గుర్తుపట్టడానికి నీళ్లు తేరుకోవలసి వచ్చింది.

పిన్నమ్మ తేటంతా మెల్లగా వేరే కుండలోకి వంచుకుంది. అడుగున రెండు గుప్పిళ్ల ఒండ్రు మిగిలింది. వెన్నలా మెత్తగా, ఎర్రగా ఉంది. అందులో అక్కడక్కడా కాకిబంగారం తళుకుమంటోంది. మా వైపు ఇసకలో ఆ అభ్రకపు తునకలు మామూలే. దాన్ని అరచేతిలోకి తీసుకుని నాకు చూపిస్తూ ఆమె చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"కలిసిపోయినాడని అన్నారు గదా. నేనూ అట్టానే అనుకున్నా పాపా. నాకూ గుక్క దిగలేదు. తర్వాత ఈ కుండ చూసినాక తెలిసింది. కలిసింది ఏదైనా కదిలించకుండా ఉంటే తేరుకుంటాది. మీ చిన్నాయన తేటలో లేడు. ఉంటే ఇందులో ఉంటాడు."

నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. గోడ వారన, నేను ఆమెను చూసి భయపడిన చోటే, మోకాలెత్తు నిమ్మమొక్క ఉంది. దాని మొదట్లో నేల పెరట్లో మన్నులా నల్లగా లేదు, ఏటి ఒండ్రులా ఎర్రగా ఉంది. పోయిన ఏడు నీళ్లు ఎర్రగా ఉన్నన్నాళ్లూ ప్రతి కుండ అడుగునా మిగిలింది ఆమె తెచ్చి అక్కడ పోసింది. దొరకని మనిషిని అలా కొంచెం కొంచెంగా ఇంటికి తెచ్చుకుంది. ఏరు తేరుకున్నాక, ఎండిపోయాక, చెలమ నీళ్లలో ఒండ్రు లేక ఆమె పని ఆగిపోయింది. ఎర్రనీళ్ల కోసం ఎదురుచూసింది అందుకు. మేమంతా ఆమె చావడానికి ఎదురుచూస్తోందనుకున్నాం.

చేతిలో ఉన్నది మొక్క మొదట్లో పెట్టి అదిమింది. తర్వాత తేట నీళ్లు గ్లాసుతో తను ముందు తాగి, నాకు ఇచ్చింది. తాగాను. చిల్లగింజ వగరు తగిలింది. ఇంకో గ్లాసు అడిగాను. వెనక గుమ్మంలో ఏదో చప్పుడైతే చూశాను. గది దాటి రాని జేజి అక్కడ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో. లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి ఉదయం నేనూ పిన్నమ్మా పెరట్లోకి పోయేసరికి జేజి మాకన్నా ముందే అక్కడ ఉంది. తన గదిలోని కుండ ఎత్తుకొచ్చింది. అడుగున ఉన్న ఒండ్రు వేళ్లతో గీకి మొక్క మొదట్లో వేసింది. చాలాసేపు ఆ తడి మన్ను మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది.

"నానింది చాలు నాయనా. ఇంక గట్టున ఉండు" అంది.

ఆ తర్వాత పిన్నమ్మను దగ్గరికి లాక్కుని, పోయిన ఏడాది ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. అమ్మ వచ్చి చేరింది. నాకు ఏడుపు రాలేదు. కడుపు నిండా నీళ్లు తాగి ఉన్నానేమో, హాయిగా అనిపించింది. అంత దుఃఖంలో హాయిగా ఉన్నందుకు సిగ్గు కూడా వేసింది.

ఆశ్వయుజంలో ఏరు తేరుకుంది. కొయ్య మీది వలను జేజి తనే దించి తాత చేతికిచ్చి, "గోళ్లు చూసుకుని పో" అంది. తాత నన్ను వెంటబెట్టుకుని పోయాడు. మోకాటి లోతున నిలబడి చూస్తే నా పది గోళ్లూ తెల్లగా కనపడ్డాయి. వాటి మధ్యలోంచి చిన్న పరిగె చేపలు దూరిపోతున్నాయి. తాత వల విసిరాడు. ఆయనకు చిన్నాయన చేతివాటం లేదు, వల సగమే విచ్చుకుంది. అయినా రెండు బొచ్చెలు పడ్డాయి. ఆ రోజు ఏడాది తర్వాత మా ఇంట్లో చేపల పులుసు కాగింది. అందరం తిన్నాం. సందెవేళ నడవలో ఖాళీ కొయ్య వైపు చూశాను. చప్పుడు లేదు. అది లేనందుకు కొంచెం దిగులేసింది కూడా.

కార్తీకంలో పిన్నమ్మ నాయన మళ్లీ బండి కట్టుకుని వచ్చాడు. ఈసారి ఆమె మూట సర్దుకుంది. "పని అయిపోయిందా పిన్నమ్మా?" అని అడిగాను. "నా వంతు అయిపోయింది. ఇంక నువ్వూ జేజీ చూసుకోండి" అంది. గింజల సంచిలోంచి ఒక పక్కకు అరిగిపోయిన గింజ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత వాళ్ల ఊళ్లో ఆమెకు మళ్లీ పెళ్లి చేశారు. ఆ కబురు విని కొందరు మూతులు తిప్పారు. జేజి మాత్రం పసుపు చీర కొని తాత చేత పంపించింది.

నాకు ధైర్యం చెప్పడానికి ఆమె ఆ మాట అల్లిందా, నిజంగా నమ్మిందా అని చాలా ఏళ్లు ఆలోచించాను. నాకు తోచింది ఒకటే. నాకు చెప్పక ముందు ఏడాదిగా ఆమె ఆ పని చేస్తూనే ఉంది. తనను తాను బతికించుకున్న ఉపాయాన్నే నాకూ పెట్టింది. అందరూ నా భయాన్ని కాదన్నారు. ఆమె ఒక్కతే అవునని, చూద్దాం రమ్మని చెయ్యి పట్టుకుంది. మావారు పోయినప్పుడు నాలుగు నెలలకే జనం వచ్చి "తేరుకున్నావా?" అని అడగడం మొదలుపెట్టారు. తేరుకున్నాను, కదిలించకండి అని కాస్త విసురుగానే చెప్పాను. బాధ పోయిందని వాళ్లనుకున్నారు. అడుగునే ఉందని నాకు తెలుసు.

ఇప్పుడు నెల్లూరులో మా చిన్నకూతురి ఇంట్లో ఉంటున్నాను. మాకు నీళ్లు క్యాన్లలో వస్తాయి. మా పెరటి నిమ్మచెట్టు ముసలిదై పోయింది గానీ దాని కాయల్లోని గింజతో మొలిచిన చెట్టు బాల్కనీలో కుండీలో ఉంది. పొద్దున్నే గ్లాసు నీళ్లు తాగి చివరి గుక్క మిగిల్చి ఆ కుండీలో పోస్తాను. మొన్న మా మనవరాలు గ్లాసు లాక్కుని వెలుగుకు ఎత్తి చూసింది. "అడుగున ఏమీ లేదు గదా అమ్మమ్మా, ఎందుకు మిగులుస్తావు?" అంది. నిజమే, ఏమీ లేదు. చిన్నాయన పోయేనాటికి ఆయనకు ఇప్పటి నా మనవడి వయసు. నేను జేజి వయసు కూడా దాటాను. ఆయన్ను చిన్నాయన అని పిలవడానికి ఇప్పుడు నోరు రాదు.

గ్లాసు తీసుకుని ఆ గుక్క చెట్టు మొదట్లో పోశాను. "గట్టునే ఉండు నాయనా" అన్నాను.